ఉప్పు నీళ్లలో కరగడం ఏ మార్పు? కణాల వైపు నుంచి చూద్దామా?

వెన్నెల_టీచర్
అందరికీ నమస్కారం. పిల్లలకు భౌతిక, రసాయనిక మార్పుల పాఠం చెబుతున్నాను. అందరూ ఒక జాబితా బట్టీ పట్టేశారు. రంగు మారితే రసాయనికం, బుడగలొస్తే రసాయనికం, వేడి పుడితే రసాయనికం, వెనక్కి తేగలిగితే భౌతికం. నిన్న ఒకమ్మాయి లేచి, "మేడమ్, నీళ్లు మరిగినా బుడగలొస్తాయి కదా, మరి అది రసాయనికం ఎందుక్కాదు?" అంది. వెంటనే వెనక బెంచీ అబ్బాయి, "ఉప్పు నీళ్లలో కలిస్తే ఉప్పు కనబడకుండా పోతుంది, అదేం మార్పు?" అన్నాడు. రెండు గైడ్లు తిరగేస్తే రెండు జవాబులున్నాయి. స్టాఫ్ రూములో కూడా ఎవరూ ఒక మాట మీదికి రాలేదు.

పదార్థమంతా కణాలే అన్న సంగతి ముందు బాగా చెప్పి, ఆ తర్వాత ఈ పాఠంలోకి వెళ్తే పిల్లలకు పట్టు దొరుకుతుందని నాకనిపిస్తోంది. మీరైతే ఎలా చెబుతారు?

పాదరసం
వెన్నెల గారూ, ఆ జాబితా అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది, తేల్చి చెప్పడానికి పనికిరాదు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది మైలుతుత్తమే.

నీలం స్ఫటికాలు 25 గ్రాములు తూచి, పింగాణీ గిన్నెలో వేసి, సన్నని సెగ మీద పెట్టండి. ముందు అంచులు పాలిపోతాయి. కడ్డీతో కలుపుతుంటే చిటపటమంటూ ఆవిరి పోతుంది, కాసేపటికి గిన్నెలో తెల్లటి పొడి మిగులుతుంది. (సెగ మరీ పెంచితే ఆ పొడి కూడా విడిపోయి నల్లబడుతుంది, జాగ్రత్త.) చల్లారాక తూస్తే దాదాపు 16 గ్రాములే ఉంటుంది. పోయిన 9 గ్రాములూ నీళ్లు. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదేసి నీటి అణువులు ఆ స్ఫటికంలో అంటిపెట్టుకుని ఉన్నాయన్నమాట. ఇప్పుడు ఆ పొడి మీద కాసిని నీటి చుక్కలు వెయ్యండి. మళ్లీ నీలం వస్తుంది, గిన్నె అడుగు చేతికి వెచ్చగా తగులుతుంది.

వెనక్కి వచ్చింది కదా అని దీన్ని భౌతికం అనలేం. రాగి అయాన్ (విద్యుదావేశం ఉన్న రాగి కణం) చుట్టూ ఉన్న నీటి అణువులు పోయాయి, మళ్లీ వచ్చి బంధం కట్టాయి. తెల్లపొడి, నీలం స్ఫటికం రెండూ వేర్వేరు పదార్థాలు. అదే గాజు పలక కిందపడి ముక్కలైతే ఎవరూ వెనక్కి తేలేరు, అయినా అది భౌతికమే. ఈ రెండూ పక్కపక్కన పెడితే "వెనక్కి తేగలిగితే భౌతికం" అన్న సూత్రం అక్కడితో సరి.

రంగు సంగతి కూడా అంతే. అయోడిన్ పలుకులు వేడి చేస్తే చక్కటి ఊదారంగు ఆవిరి లేస్తుంది. రంగు మారింది, వాయువు వచ్చింది. కానీ పలుకులో ఉన్నదీ, ఆవిరిలో ఉన్నదీ అవే జంట పరమాణువుల అయోడిన్ అణువులు.

ప్రశ్నలబుట్ట
అంకుల్, నేను పదో తరగతి. మరి మరిగే నీళ్ల బుడగల్లో ఉండేది ఏంటి? మా క్లాసులో చాలామంది హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాశారు. కొందరు గాలి అని రాశారు. సార్ రెండూ కొట్టేశారు కానీ ఎందుకో చెప్పలేదు.

స్ఫటికం
మంచి ప్రశ్న తమ్ముడూ. నీటితో ముడిపడ్డ బుడగలు మూడు రకాలు, మూడింటినీ కళ్లతో చూడొచ్చు.

గాజు బీకరులో నీళ్లు పోసి మెల్లగా వేడి చెయ్యి. మరగడానికి చాలా ముందే గోడలకు సన్నని బుడగలు పట్టుకుంటాయి. అవి నీటిలో కరిగి ఉన్న గాలి. వేడెక్కే కొద్దీ నీరు గాలిని తక్కువగా కరిగించుకుంటుంది కాబట్టి అది బయటికొస్తుంది. గాలి అని రాసినవాళ్లు చూసింది వీటినే.

తర్వాత అడుగు నుంచి పెద్ద బుడగలు పుట్టి, పైకొస్తూ ఉబ్బుతూ, పైన పగులుతాయి. వాటిలో ఉన్నది నీటి ఆవిరి. చల్లని గాజు పలక పైన పట్టుకుంటే నీటి చుక్కలై కారుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమమే అయితే ఆ పలక మీద ఏమీ పేరుకోదు. పైగా మంట పక్కన అలాంటి మిశ్రమం పేలుతుంది.

మూడోది విద్యుద్విశ్లేషణ. కాస్త ఆమ్లం కలిపిన నీటిలో ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపితే రెండు వైపులా బుడగలు వస్తాయి, ఒక వైపు రెండింతలు. రెండింతలు వచ్చేది హైడ్రోజన్. నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు 1800లోనే కరెంటుతో నీటిని విడగొట్టారు.

ఇప్పుడు లెక్క చూడు. 18 గ్రాముల నీటిలో 6.022 × 10²³ అణువులుంటాయి. అన్ని అణువులనూ ఒకదాన్నుంచి ఒకటి విడదీసి ఆవిరి చెయ్యడానికి 100 డిగ్రీల దగ్గర సుమారు 41 కిలోజౌళ్లు చాలు. అదే 18 గ్రాములను హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా మార్చాలంటే దాదాపు 286 కిలోజౌళ్లు కావాలి, అంటే ఏడింతలు. మొదటి దానిలో అణువుకూ అణువుకూ మధ్య ఉన్న ఆకర్షణను దాటితే సరిపోయింది, అణువు లోపలి జోలికి ఎవరూ పోలేదు. రెండో దానిలో అణువే విడిపోయి, కొత్త అణువులు పుట్టాయి. మీ సార్ రెండూ కొట్టేయడానికి కారణం ఇదే.

ప్రశ్నలబుట్ట
సూపర్ అన్నా! ఇప్పుడు అర్థమైంది. ఇంకో డౌట్. అసలు కణాలు ఉన్నాయని ఎవరు చూశారు? నమ్మేయాలా?

దిక్సూచి
నమ్మేయక్కర్లేదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే చాలాకాలం నమ్మలేదు.

డాల్టన్ 1808లో పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చాడు. మూలకాలు ఎప్పుడూ లెక్క ప్రకారమే ఎందుకు కలుస్తాయో దాంతో చెప్పగలిగాడు. అయినా శతాబ్దం చివరిదాకా "అది లెక్కలకు పనికొచ్చే ఊహ, నిజంగా కణాలున్నాయనడానికి సాక్ష్యమేదీ?" అన్నవాళ్లు ఉన్నారు.

ఈలోగా 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి రేణువుల లోపలి నుంచి వచ్చే సూక్ష్మమైన నలుసులను నీటిలో వేసి మైక్రోస్కోపులో చూశాడు. అవి ఆగకుండా అటూ ఇటూ ఉలిక్కిపడుతున్నాయి. ప్రాణం ఉండటం వల్లేమోనని రాతిపొడి కూడా వేసి చూశాడు. ఈజిప్టు స్ఫింక్స్ నుంచి వచ్చిన రాతి ముక్కను కూడా నూరి చూశాడు. అదీ అలాగే కదిలింది. (చాలా చోట్ల పుప్పొడి రేణువే కదిలిందని రాస్తారు. రేణువు అంతలా కదలడానికి మరీ పెద్దది.)

1905లో ఐన్‌స్టీన్ ఈ కదలికకు లెక్క కట్టాడు. కంటికి కనబడని నీటి అణువులు నలుసును అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటాయి, ఏ క్షణంలోనూ దెబ్బలు సరిసమానంగా పడవు, కాబట్టి ఇంత సమయంలో సగటున ఇంత దూరం జరగాలి అన్నాడు. జాన్ పెరాన్ మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆ దూరాలు కొలిచాడు, లెక్క సరిపోయింది. 1926లో ఆయనకు నోబెల్ వచ్చింది. పరమాణువులను ఒప్పుకోని ఆస్ట్వాల్డ్ లాంటి మహా రసాయన శాస్త్రవేత్త కూడా ఈ ప్రయోగాల తర్వాత ఒప్పుకున్నాడు. నాకు సైన్స్ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. గొడవ వాదనతో తేలలేదు, కొలతతో తేలింది.

నాన్న_హోంవర్క్
మా పాప పుస్తకంలో కణాల బొమ్మలున్నాయి. ఘనంలో చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని, ద్రవంలో బాగా ఎడంగా, వాయువులో ఇంకా ఎడంగా. ఇది కరెక్టేనా? ఇంకో సంగతి, ఆ చుక్కల మధ్య ఏముంటుందని పాప అడిగితే గాలి అని చెప్పబోయి ఆగాను.

స్ఫటికం
ఆగి మంచి పని చేశారు సార్. గాలి కూడా కణాలే కదా, మరి ఆ గాలి కణాల మధ్య ఏముంటుంది? మధ్యలో ఖాళీ, అంతే. పిల్లలు మింగలేని మాట ఇదే, కానీ ఇక్కడ రాజీపడకూడదు.

ద్రవం బొమ్మ చాలా పుస్తకాల్లో తప్పుగానే ఉంటుంది. ద్రవంలో కణాలు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి, క్రమం మాత్రం చెదిరి ఉంటుంది, ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. నీటి విషయంలోనైతే ద్రవంలోనే ఇంకా దగ్గర. గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, అందుకే మంచు తేలుతుంది. అసలైన దూరం వచ్చేది వాయువులోనే. ఒక మిల్లీలీటరు నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1,700 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అణువు సైజు పిసరంత కూడా పెరగలేదు, ఎడం పెరిగింది.

"వేడి చేస్తే కణాలు ఉబ్బుతాయి", "మంచు కరిగితే కణాలు మెత్తబడతాయి" అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. ఒక్కో కణానికి కరగడం, మరగడం, రంగు, మెత్తదనం ఇవేవీ ఉండవు. అవన్నీ గుంపుకు ఉండే గుణాలు. బంగారం పరమాణువు ఒక్కటే ఉంటే అది పసుపు పచ్చగా మెరవదు.

వెన్నెల_టీచర్
స్ఫటికం గారూ, ఈ చివరి పేరా నేరుగా క్లాసులో చదివి వినిపిస్తాను. మంచు కరిగేటప్పుడు థర్మామీటరు సున్నా దగ్గరే నిలిచిపోవడం కూడా దీనితో కలిపి చెప్పొచ్చు కదా?

స్ఫటికం
తప్పకుండా చెప్పండి మేడమ్. ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు కావాలి. అదే వేడి ఒక గ్రాము నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీలకు తీసుకెళ్లగలదు. అంత వేడి పోస్తున్నా థర్మామీటరు కదలదు, ఎందుకంటే అది కణాల వేగం పెంచడానికి కాకుండా వాటి క్రమాన్ని విడదీయడానికి ఖర్చవుతోంది. జోసెఫ్ బ్లాక్ 1760ల్లో ఈ గుప్తోష్ణాన్ని కొలిచాడు.

నాన్న_హోంవర్క్
కొవ్వొత్తి వెలగడం రెండు మార్పులకూ ఉదాహరణ అంటారు కదా. ఎక్కడ ఒకటి ఆగి ఇంకోటి మొదలవుతుందో పాపకు ఎలా చూపించాలి?

పాదరసం
కొవ్వొత్తి వెలిగించి, వత్తి చుట్టూ మైనం బాగా కరిగి గుంటలా నిలిచేదాకా ఆగండి. అది భౌతికం, చల్లబడితే అదే మైనం. ఇప్పుడు ఊదేయండి. వత్తి మీంచి తెల్లటి పొగ తీగలా లేస్తుంది చూశారా, అది మసి కాదు. ఆవిరైన మైనం గాలిలో చల్లబడి తుంపరలైంది. వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగలనివ్వకుండా, కాస్త పైన ఆ పొగకు తగిలించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. అంటే మండుతున్నది వత్తి కంటే ఎక్కువగా మైనపు ఆవిరే. శాస్త్రవేత్త ఫారడే తన ఉపన్యాసాల్లో పిల్లలకు దీన్ని చేసి చూపించేవాడు.

కరిగిందీ, ఆవిరైందీ ఒకే మైనపు అణువులు. మంటలోకి వెళ్లాక అణువులు తునాతునకలై, ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతాయి. ఇక ఎంత చల్లబరిచినా అందులోంచి మైనం రాదు. చల్లని గాజు గ్లాసును మంట పైన క్షణం పాటు బోర్లిస్తే లోపల సన్నని నీటి పొర కడుతుంది. మైనంలో నీరు లేదు, అది మంటలో పుట్టింది. పాపకు ఆ తేమ వేలితో తుడిపించి చూపించండి. పెద్దవాళ్లు పక్కనుండి చెయ్యాలి, వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్నలబుట్ట
అందరూ ఉప్పు ప్రశ్నను వదిలేశారు!

పాదరసం
వదల్లేదు బాబూ, దానికి దారి వేస్తున్నాం. నా జవాబు భౌతికం. ఉప్పు స్ఫటికంలో సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు ముందే ఉన్నాయి. నీటిలోకి వెళ్లాక కూడా ఉన్నవి అవే. నీరు ఆవిరి చేస్తే ఉప్పు తిరిగొస్తుంది.

స్ఫటికం
పాదరసం సార్, గౌరవంగానే ఒప్పుకోలేకపోతున్నాను. "నీరు ఆవిరి చేస్తే తిరిగొస్తుంది" అన్న వాదన మీ మైలుతుత్తంతోనే పోయింది కదా. దాన్ని ఇక్కడ మళ్లీ తేకూడదు.

శక్తి లెక్క చూడండి. ఒక మోల్ (ఇందాక నీటికి చెప్పిన 6.022 × 10²³ లెక్కే) ఉప్పు స్ఫటికంలోని అయాన్లను పూర్తిగా విడదీయడానికి సుమారు 787 కిలోజౌళ్లు కావాలి. నీటి అణువులో ఒక ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం తెంచడానికి మోల్‌కు 463 చాలు. అంటే ఉప్పు కరిగేటప్పుడు తెగేది చిన్నాచితకా ఆకర్షణ కాదు, అయానిక బంధమే. నీటి అణువులు ఒక్కో అయాన్‌ను చుట్టుముట్టి పట్టుకోవడం వల్ల దాదాపు అంత శక్తీ తిరిగి వస్తుంది, అందుకే నికరంగా మోల్‌కు 4 కిలోజౌళ్ల లోపే తేడా, చేతికి తెలియనే తెలియదు. బంధాలు తెగాయి, కొత్తగా పట్టులు ఏర్పడ్డాయి. దీన్ని రసాయనికం అనేవాళ్లది మరీ మొండివాదం కాదు.

పాదరసం
బంధం తెగడమే కొలబద్ద అయితే గాజు పగలడం కూడా రసాయనికమే అనాలి. పగిలిన చోట సిలికాన్–ఆక్సిజన్ బంధాలు తెగకుండా గాజు పగలదు. వజ్రం కోసినా అంతే, తెగేవి కార్బన్–కార్బన్ బంధాలు. అయినా ముక్కలూ గాజే, ముక్కలూ వజ్రమే. కాబట్టి నేను అడిగేది ఒకటే: మార్పుకు ముందు ఏ కణాలున్నాయి, తర్వాత ఏ కణాలున్నాయి? ఉప్పులో ముందూ తర్వాతా సోడియం, క్లోరైడ్ అయాన్లే.

దీన్ని హైడ్రోజన్ క్లోరైడ్‌తో పోల్చండి. పొడి వాయువును పొడి నీలి లిట్మస్ కాగితానికి (ఆమ్లం తగిలితే ఎర్రబడే కాగితం) తగిలిస్తే రంగు మారదు. కాగితం తడిపితే వెంటనే ఎర్రబడుతుంది. వాయువులో అయాన్లు లేవు, అణువులే. నీరు తగిలాక అణువు విడిపోయి, హైడ్రోజన్ వెళ్లి నీటి అణువుకు అతుక్కుని హైడ్రోనియం అయాన్ పుట్టింది. ముందు లేని కణం తర్వాత వచ్చింది. ఇదీ కరగడమే, కానీ ఇది రసాయనికం అనడానికి నాకు సందేహమే లేదు.

స్ఫటికం
ఈ పోలిక నాకు నచ్చింది. ముందు లేని కణం వచ్చిందా అన్న ప్రశ్నతో నాకూ పేచీ లేదు. ఒక్కటే అడుగుతాను: ఆరు నీటి అణువులు చుట్టూ చేరిన సోడియం అయాన్‌ను అదే కణం అందామా, కొత్త కణం అందామా? మైలుతుత్తంలో రాగి చుట్టూ నీరు చేరితే కొత్త పదార్థం అన్నాం. అక్కడ నీళ్లు స్ఫటికంలో లెక్క ప్రకారం ఐదేసి స్థిరంగా కూర్చుంటాయి, సోడియం చుట్టూ చేరిన నీళ్లు మాత్రం సెకనులో కోట్ల సార్లు మారిపోతుంటాయి. ఆ తేడా వల్ల నేనూ బడి స్థాయిలో భౌతికం వైపే మొగ్గుతాను. కానీ గీత అక్కడ ఖచ్చితంగా లేదని పిల్లలకు చెప్పాలి.

దిక్సూచి
పరీక్షలో రాసేవాళ్లకు నా సలహా: చాలా పాఠ్యపుస్తకాలు భౌతికం అనే చెబుతాయి, అదే రాసి, "అయాన్లు స్ఫటికంలో ముందే ఉన్నాయి, నీటిలో విడివడ్డాయి, కొత్త కణం ఏర్పడలేదు" అని కారణం కూడా రాయండి. కారణం రాస్తే దిద్దేవాళ్లకు మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

వెన్నెల_టీచర్
చాలా థాంక్స్. ఈ చర్చ చదివాక ఇవాళ క్లాసులో బోర్డు మీద రెండు గళ్లు గీసి, "ముందు ఏ కణాలు, తర్వాత ఏ కణాలు" అని బొమ్మలు వేయించాను. ఇనుప రజను 7 గ్రాములు, గంధకం పొడి 4 గ్రాములు కలిపి చూపించాను. కలిపినప్పుడు అయస్కాంతం పెడితే ఇనుము ఎగిరొచ్చి అంటుకుంది. పరీక్షనాళికలో కాస్త వేడి తగిలించి దీపం తీసేశాక కూడా ఎర్రటి కణకణ దానంతటదే అడుగుదాకా పాకింది. చల్లారాక నల్లటి ముద్ద, అయస్కాంతం పెడితే ఉలుకూ పలుకూ లేదు. మొదటి దానికి రెండు రకాల చుక్కలు విడివిడిగా, రెండో దానికి జంటగా అల్లుకున్నట్టు వేశారు పిల్లలు. గంధకం ఒక్కదాన్నే వేడి చేస్తే ఏమవుతుందని ఇప్పుడు అడుగుతున్నారు. కరుగుతుంది అని చెప్పి ఊరుకోనా?

పాదరసం
అయ్యో, ఊరుకోకండి! గంధకం అంత మంచి ఉదాహరణ ఇంకోటి లేదు. పసుపు పొడిలో ఎనిమిదేసి పరమాణువులు ఉంగరంలా కట్టుకున్న అణువులుంటాయి. 115–120 డిగ్రీల దగ్గర కరిగి, లేత పసుపు రంగులో పల్చగా పారుతుంది. ఇక్కడిదాకా ఉంగరాలు చెదరలేదు, శుద్ధ భౌతికం. ఇంకా వేడి చేస్తే మామూలుగా ద్రవం మరింత పల్చబడాలి. ఇది 160 డిగ్రీలు దాటగానే ఎర్రబడి, చిక్కబడి, నాళిక బోర్లించినా కారనంత జిగురవుతుంది. ఉంగరాలు తెగి, కొస కొస కలిసి పొడవాటి గొలుసులై, ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. మరీ వేడెక్కితే గొలుసులు తెగి మళ్లీ పల్చబడుతుంది. అలా పల్చబడ్డ దాన్ని చల్లని నీటిలో ధారగా పోస్తే రబ్బరులా సాగే ముద్ద వస్తుంది. కొన్నాళ్లు ఊరికే ఉంచితే అదే పెళుసు పసుపుగా మారిపోతుంది.

మొదటి నుంచి చివరిదాకా అందులో గంధకం తప్ప ఇంకో మూలకం లేదు. అయినా మధ్యలో అణువులు మారాయి. పిల్లలను ఈ నాలుగు దశలకూ బొమ్మలు వెయ్యమనండి, ఎక్కడ గీత గీస్తారో వాళ్లనే వాదించుకోనివ్వండి.

ప్రశ్నలబుట్ట
అంకుల్, నేను గీత 160 డిగ్రీల దగ్గర గీస్తాను. ఉంగరం, గొలుసు వేర్వేరు అణువులు కాబట్టి.

స్ఫటికం
నేనూ అక్కడే గీస్తాను తమ్ముడూ. వెన్నెల మేడమ్, ఇది చేసేటప్పుడు ఫ్యూమ్ హుడ్‌లో (ల్యాబ్‌లో పొగలను బయటికి లాగేసే గూడు) గానీ, కిటికీలన్నీ తెరిచి గానీ చెయ్యండి. గంధకం ఆవిరి అంటుకుంటే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ఆయాసం ఉన్న పిల్లలకు అది మంచిది కాదు. నాళిక మూతి దగ్గర మంట కనిపిస్తే తడిగుడ్డ కప్పితే ఆరిపోతుంది, అది ముందే పక్కన పెట్టుకోండి.